వారంటీ తీరిన తర్వాత

ఫోను గానీ, కారు గానీ, టీవీ గానీ, చివరకు ఆ టీవీలో వచ్చే వార్త గానీ, దేన్ని గురించి ఎవరు నా అభిప్రాయం అడిగినా ముందుగా నేను ఆలోచించేది మూడేళ్ల తర్వాత దాని పరిస్థితి ఏమిటన్నదే. కొన్న రోజున ఏ వస్తువైనా బాగానే ఉంటుంది. ప్రకటనలన్నీ ఆ ఒక్క రోజు గురించే మాట్లాడతాయి. యూట్యూబులో సమీక్షలు చేసేవారు కూడా చాలావరకు పెట్టె విప్పిన వారంలోపే తీర్పు చెప్పేస్తారు. వారంటీ తీరిపోయి, కంపెనీ ఆ మోడల్‌ను మరిచిపోయి, మన ఊళ్లో దాని విడిభాగం దొరుకుతుందో లేదో తెలియని నాటికి ఆ వస్తువుతో మన అవస్థ ఎలా ఉంటుందో చెప్పేవారు తక్కువ. తిరుపతిలో ఉంటున్నవారు ఈ సంగతిని మిగతావారికంటే గట్టిగా అడగాలని నా నమ్మకం, ఎందుకంటే ఈ వస్తువుల్లో చాలా వాటిని మన చుట్టుపక్కలే తయారుచేస్తున్నారు.

షావోమీ సంస్థ మన దేశంలో తయారుచేసిన మొదటి ఫోను 2015లో తడ దగ్గరున్న శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారం నుంచే బయటికి వచ్చింది. అదే శ్రీసిటీలో ఇసుజు సంస్థ 2016 నుంచి పికప్ ట్రక్కులు చేస్తోంది. సత్యవేడు పక్కన హీరో మోటార్ సైకిళ్లు, చినపాండూరులో అపోలో టైర్లు తయారవుతున్నాయి. రేణిగుంట దగ్గరి ఎలక్ట్రానిక్స్ క్లస్టరులో డిక్సన్ సంస్థ టీవీలు బిగిస్తోంది. ఇక 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా బ్యాటరీలు కరకంబాడి నుంచి దేశమంతటికీ వెళ్తున్నాయి. తెల్లవారకముందే శ్రీకాళహస్తి, పుత్తూరు, సత్యవేడు రోడ్ల పక్కన, మెడలో గుర్తింపు కార్డుతో, చేతిలో టిఫిన్ క్యారియరుతో కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడపిల్లలను చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. ఒక తరం కిందట ఈ పల్లెల్లో పదో తరగతి, ఇంటర్ చదివిన పిల్లలు ఉద్యోగం కావాలంటే చెన్నైకో బెంగళూరుకో పోవలసి వచ్చేది.

ఇంత తయారీ మన గడప ముందే జరుగుతున్నా, ఆ వస్తువు చెడిపోతే బోర్డు చెన్నై నుంచి రావాలి, స్క్రీన్ బెంగళూరు నుంచి రావాలి, లేదా అసలు రాదు. ఫోనులో ప్రతి స్క్రూ ఎక్కడ ఉందో తెలిసిన చేతులు వేల సంఖ్యలో ఉన్న జిల్లాలో, ఆ ఫోనును బాగుచేసే నైపుణ్యం మాత్రం గాంధీ రోడ్డులోని నాలుగు చిన్న దుకాణాల్లో, అదీ ఎవరికి వారు చూసి నేర్చుకున్నదిగా మిగిలిపోయింది. తయారుచేయడం నేర్పినవారే బాగుచేయడమూ నేర్పాలి. ఈ విషయంలో నా అభిప్రాయం చాలా గట్టిది.

మా ఇంట్లో జరిగిన సంగతి చెబితే నా బాధ ఏమిటో అర్థమవుతుంది. 43 అంగుళాల టీవీకి ఒక సాయంత్రం మాట వినిపిస్తూనే బొమ్మ పోయింది. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి వచ్చిన కుర్రవాడు రిమోట్‌తో రెండు మీటలు నొక్కి చూసి, ప్యానెల్ పోయిందని, దాని ఖరీదు దాదాపు కొత్త టీవీ అంత అవుతుందని, కొత్తదే కొనుక్కోవడం మేలని చెప్పి సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. టీవీ వెనుక మూత కూడా తీయలేదు. తెలిసినవారు చెబితే కొర్లగుంటలో ఉండే ఒక మెకానిక్‌ను పిలిపించాను. ఆయన వస్తూనే గదిలో లైటు ఆర్పించి, టీవీ ఆన్ చేసి, సెల్‌ఫోను టార్చిని స్క్రీనుకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని, "ఇట్లా వంగి చూడండి సార్" అన్నారు. చూస్తే ఆ వెలుగు పడిన మేర వార్తలు చదివే అమ్మాయి ముఖం మసకమసకగా కదులుతోంది. "బొమ్మ లోపల ఉండాది సార్, దానికి వెలుగు లేదంతే" అన్నారు ఆయన.

ఎల్‌ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి వెనుక ఎల్‌ఈడీ దీపాలు అమర్చిన ఎల్‌సీడీ తెర. తెర తనంతట తాను వెలగదు, వెనుకనున్న దీపాల పట్టీలు వెలిగితేనే బొమ్మ కనిపిస్తుంది. ఆ దీపాలను ఒకదాని వెంట ఒకటిగా సిరీస్‌లో కలుపుతారు కాబట్టి ఒక్కటి మాడిపోయినా వరుస మొత్తం ఆరిపోతుంది. మెకానిక్ మంచం మీద దుప్పటి పరిపించి, ప్యానెల్‌ను అద్దం పట్టుకునే రబ్బరు కప్పులతో జాగ్రత్తగా పైకెత్తి, దాని కింద పాలకాగితంలా ఉన్న పొరలను వరుస తప్పకుండా గోడకు ఆనించి, చివరకు ఆ పట్టీలను బయటపెట్టారు. ఒకచోట చిన్న ప్లాస్టిక్ లెన్సు కింద నల్లటి మచ్చ కనిపించింది. ఆ ఒక్క దీపం మారిస్తే సరిపోదా అని అడిగితే, అన్నీ ఒకే వయసువి కాబట్టి ఒకటి పోయిందంటే మిగతావి కూడా తొందరలోనే పోతాయని, పట్టీలన్నీ మార్చడమే మంచిదని చెప్పారు. మార్చిన తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాక్‌లైట్‌ను వందనుంచి అరవైకి తగ్గించారు. షాపులో జిగేల్‌మనిపించడానికి పెట్టిన వెలుగునే ఇంట్లో కూడా ఉంచేయడం వల్లే పట్టీలు తొందరగా మాడిపోతున్నాయని ఆయన మాట. అయిన ఖర్చు కొత్త టీవీ ధరలో పదో వంతు కూడా లేదు. టీవీలు బిగించే ఆ రేణిగుంట కర్మాగారానికి, ఈ మెకానిక్ ఇంటికి మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. ఆయనకు కంపెనీ ఇచ్చిన సర్క్యూట్ పటం లేదు, కంపెనీ పట్టీలు లేవు, శిక్షణ లేదు. ఉన్నదల్లా సొంత తెలివి, అనుభవం.

కాబట్టి టీవీ కొనేవారికి నేను చెప్పే సలహా చాలా చిన్నది. తెర బాగుందా, మాట స్పష్టంగా ఉందా అన్నంతవరకే చూడండి. దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ డబ్బు పెట్టకండి, అది తెర కంటే చాలా ముందుగా ముసలిదవుతుంది. యాప్‌లు పనిచేయడం మానేసిన రోజున టీవీకి ఉండే హెచ్‌డీఎంఐ రంధ్రంలో యాప్‌లు నడిపే ఒక చిన్న స్టిక్ పెట్టుకుంటే అదే తెర మరికొన్నేళ్లు హాయిగా పనిచేస్తుంది.

ఫోను విషయంలో రెండు అంశాలు చూస్తాను, బ్యాటరీ ఒకటి, అప్‌డేట్లు ఒకటి. కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు ఉన్నాయన్నది నన్ను ఎప్పుడూ ఆకట్టుకోలేదు. గూగుల్ 2023లో పిక్సెల్ 8తోనూ, శాంసంగ్ 2024లో ఎస్24తోనూ ఏడేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. నిజంగా మెచ్చుకోవలసిన మార్పు ఇదే. అయితే ఆ మాట ఖరీదైన ఫోన్లకు ముందు దక్కింది; పది పదిహేను వేల ఫోను కొనే ఆటో డ్రైవరుకు, పూల అంగడి ఆమెకు అది అంతకంటే అవసరం. వారి వ్యాపారమంతా ఇప్పుడు ఆ ఫోనులోని యూపీఐ మీదే నడుస్తోంది, భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో డబ్బు లావాదేవీలు చేయడం ప్రమాదకరం. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు నియమాలు పెట్టింది: మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు ఇవ్వాలి, బ్యాటరీ 800 సార్లు చార్జింగ్ చేసిన తర్వాత కూడా తొలి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకోవాలి. కంపెనీలు వ్యాపారం మానుకుని వెళ్లిపోలేదు, నియమాలకు తగ్గట్టు ఫోన్లు చేస్తున్నాయి. అక్కడికి చేయగలిగినది ఇక్కడికి ఎందుకు చేయలేరో నాకు అర్థం కాదు.

మన ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కుకు సంబంధించిన పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు దాని పరిధిలోకి వస్తాయి. వస్తువును ఎంత సులభంగా బాగుచేయవచ్చో అంకెల్లో చూపే సూచిక కోసం 2024లో కమిటీ వేసి, 2025 మేలో నివేదిక కూడా అందుకున్నారు. ఫ్రాన్స్‌లో 2021లోనే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వంటి వాటి ధర పక్కన ఇటువంటి అంకె చూపడం మొదలైంది. ఫ్రిజ్ మీద నక్షత్రాలు చూసి కరెంటు ఖర్చు అంచనా వేయడం మన ఇళ్లలో అందరికీ అలవాటైపోయింది. మరమ్మతు అంకె కూడా అలాగే పెట్టె మీద కనిపిస్తే అమ్మేవాడి మాట మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

బ్యాటరీ గురించి ఇంకొక్క మాట. మన తిరుపతి ఎండలు వేరు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో బైకు హ్యాండిల్‌కు ఫోను బిగించి, మ్యాపు పెట్టుకుని, పైగా చార్జింగ్ కూడా పెట్టుకుని అలిపిరి నుంచి రేణిగుంట దాకా తిరిగితే ఏ కంపెనీ బ్యాటరీ అయినా తొందరగానే నీరసిస్తుంది. లిథియం బ్యాటరీకి వేడి ఒక శత్రువు, ఎప్పుడూ నూరు శాతం నింపి ఉంచడం ఇంకొక శత్రువు. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది, దాన్ని వాడుకోండి. వీపు ఉబ్బిన ఫోనును మాత్రం ఒక్క రోజు కూడా వాడవద్దు, దిండు కింద పెట్టుకోవద్దు.

ఈ చర్చలో నాకు ఆశ కలిగించే ఉదాహరణ పాత సీసం బ్యాటరీ. ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ కొనడానికి వెళ్తే అంగడివాడు మొదట అడిగేది పాతది తెచ్చారా అనే. తూకం వేసి, దాని విలువ తగ్గించి, మిగతాది మాత్రమే తీసుకుంటాడు. సీసానికి ధర ఉంది కాబట్టి ఎవరూ దాన్ని చెత్తకుప్పలో పారేయరు. ఫోను బ్యాటరీకి, స్కూటరు బ్యాటరీకి కూడా ఆ గౌరవం రావాలి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022లోనే కేంద్రం నియమాలు తెచ్చింది, అయితే మా వీధిలో పాత ఫోను పట్టుకుని ఎక్కడ ఇవ్వాలని అడిగితే ఎవరికీ తెలియదు. బ్యాటరీల పేరుతో దేశమంతా తెలిసిన ఊరు మనది, దారి చూపవలసినది కూడా మన ఊరే.

ఇక కార్లు. సన్‌రూఫ్ ఉందా, తెర ఎన్ని అంగుళాలు అన్న ప్రశ్నలు ఇప్పుడు షోరూముల్లో ఇంజన్ కంటే ముందు వినిపిస్తున్నాయి. ఏసీ తగ్గించడానికి కూడా తెర మీద వేలు పెట్టి వెతకవలసిన కారును నేను ఎవరికీ సిఫారసు చేయను. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు హైవే మీద పోతున్నప్పుడు కళ్లు రోడ్డు మీద ఉండాలి, చేయి తడిమితే మీట దొరకాలి. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్లు, అత్యవసర పిలుపు వంటి వాటికి విడిగా మీటలు ఉంటేనే పూర్తి మార్కులు ఇస్తానంటోంది. మన భారత్ ఎన్‌క్యాప్ 2023లో మొదలై మంచి పేరు తెచ్చుకుంది, అది కూడా ఈ దారి పట్టాలని కోరుకుంటున్నాను.

కొండ దారి ఉన్న ఊరివాళ్లం కాబట్టి కారును మనం అంచనా వేసే తీరు వేరుగా ఉండాలి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఆ మలుపుల్లో బ్రేకు ఎంతసేపు వేడెక్కకుండా నిలుస్తుందన్నది నూరు కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్నదాని కంటే ముఖ్యం. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవారు న్యూట్రల్‌లోనో, నాలుగో గేరులోనో బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతుంటే మలుపు మలుపుకూ కాలిన వాసన వస్తుంది. రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకునేలా దిగాలని అలిపిరిలో టోల్ కట్టేచోటే అన్ని భాషల్లో రాసిపెడితే ఎంతో మేలు. 2022లో ఆర్టీసీ తిరుపతికి తెచ్చిన వంద విద్యుత్ బస్సులను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీకి కొంత కరెంటు తిరిగి ఇస్తుంది, పొగ ఉండదు, శేషాచలం అడవిలో ఆ పాత రొద ఉండదు.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2030 కంటే చాలా ముందే, 2025లోనే చేరుకుంది. దిగుమతి తగ్గడం, రైతుకు మరొక మార్కెట్ దొరకడం మంచివే. కానీ పాత కార్ల యజమానుల మాట వినడం లేదని నా ఫిర్యాదు. పాత ప్రమాణాలకు తయారైన కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అటువంటివారి కోసం బంకులో పది శాతమే ఇథనాల్ కలిపిన పెట్రోలు కూడా ఉంచితే ఎవరికీ నష్టం లేదు. చెరకు, బెల్లానికి పేరున్న మన ప్రాంతంలో గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర కర్మాగారాలు రెండూ మూతబడి ఉన్నాయి. దేశమంతా ఇథనాల్ కోసం కొత్త కర్మాగారాలు కడుతున్న ఈ కాలంలో వాటి గురించి ఆలోచించేవారు లేకపోవడం నన్ను చాలా బాధిస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద, ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తగా కొనేవారికి ఇది పెద్ద ఊరట, కాదనను. ఆ రోజుల్లో రేణిగుంట రోడ్డు షోరూముల ముందు పూలదండలు వేసిన కార్లు కనిపించాయి. కానీ మరమ్మతు సేవల మీద కూడా పన్ను అదే 18 శాతం. కొత్తది కొన్నా, ఉన్నదాన్ని బాగుచేయించుకున్నా పన్ను ఒకటే అయితే బాగుచేయించుకోవడానికి ప్రోత్సాహం ఎక్కడుంది? ఆస్ట్రియాలో 2022లో మొదలుపెట్టిన పథకంలో మరమ్మతు ఖర్చులో సగం, 200 యూరోల వరకు, ప్రభుత్వమే కూపన్ రూపంలో భరించింది. అంత దూరం పోనవసరం లేదు, మరమ్మతు మీద పన్నును 5 శాతానికి తెస్తే చాలు.

వార్తల దగ్గరికి వచ్చేసరికి నా అసంతృప్తి ఇంకా ఎక్కువ. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ రాత్రి, మరుసటి రోజు, దేశంలోని ఛానెళ్లన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి. న్యాయ విచారణకు ఆదేశించారు. ఆ తర్వాత గేట్లు తెరిచే పద్ధతిలో ఏం మార్చారు, వరుసల్లో ఎవరికి ఏ బాధ్యత అప్పగించారు, చనిపోయినవారి కుటుంబాలు ఎలా ఉన్నాయి అన్నవి ఒక సాయంత్రమంతా కూర్చుని చర్చించవలసిన విషయాలు. వాటి స్థానంలో నలుగురు నాయకులు ఒకరి మాట ఒకరు వినకుండా అరుచుకునే పెట్టెలు తెర మీద పరుస్తున్నారు.

మామిడి సంగతి కూడా అంతే. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు కర్మాగారాల ముందు కాయలతో ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు కెమెరాలు చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దాకా వచ్చాయి. కిలోకు కర్మాగారం 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. బయటి రాష్ట్రాల తోతాపురిని ఆ జిల్లాలోకి రానివ్వకపోవడంతో కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఇదంతా చూపించారు. ఆ 8 రూపాయలు రైతుకు ఎప్పుడు అందాయి, పూర్తిగా అందాయా, గోదాముల్లో పాత గుజ్జు ఎంత నిలవ ఉంది, గల్ఫ్, యూరప్ కొనుగోలుదారులు ఏమంటున్నారు అన్నవి చూపించిన బులెటిన్ నా కంటపడలేదు. మా బంధువుల్లో తోటలున్నవారు ఒకరి ఫోను ఒకరికి చూపించుకుని వాట్సాప్‌లో తెలుసుకున్నారు.

ప్రాంతీయ ఛానెళ్లను నేను కోరేది వారానికి ఒక అరగంట. ఆరు నెలల కిందట చూపించిన వార్తల దగ్గరికి మళ్లీ వెళ్లి, ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోందో చూపించండి. మామిడి పూతకు వచ్చే జనవరి, ఫిబ్రవరిలోనే గుజ్జు కర్మాగారాల యజమానులను, రైతు సంఘాలవారిని, ఉద్యాన శాఖ అధికారులను కూర్చోబెట్టి ఈ ఏడు ధర ఎంత, చెల్లింపు ఎన్ని రోజుల్లో, ఏ కర్మాగారం ఎన్ని టన్నులు తీసుకుంటుంది అని అడగండి. జూన్‌లో కాయ కోసి ట్రాక్టరుకు ఎత్తిన తర్వాత రైతుకు బేరమాడే వ్యవధి ఉండదు.